సందూకల గుడ్డలు గోడ మీదికి రావాలె

వదినా, వంటయిందా? అయితే జర గోడ కాడికి రా. చేతులు మంచిగ తుడుచుకొని రా, తడి చేతులతోని ముట్టేది కాదు ఇది. ఇగో, ఈ పాత ధోతి మీద పరిచిన, చూడు. మొన్న బోధన్ పోయినప్పుడు అమ్మ సందూకలకెల్లి తెచ్చుకున్న. ఇది చక్కెర గోనె పట్టా. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లల్ల ఉన్నప్పుడు అమ్మ దీన్ని ఉడుకు నీళ్లల్ల నానబెట్టి, పీచు దులిపి, దీని మీద ఉన్నితోని రెండు రామచిలుకలు కుట్టింది. జానెడు వెడల్పు, జానెడున్నర పొడుగు, గంతే. పట్టా నేత గళ్లు గళ్లుంటది గదా, ఇంటూ కుట్టు వేసుకుంట పోతే లెక్క తప్పదు. బజార్ల మ్యాటీ గుడ్డ కొననీకి పైసలు లేనోళ్లకు ఫ్యాక్టరీ సంచే మ్యాటీ గుడ్డయింది.

ముక్కులు చూసినవా? ఒక చిలుకది ఎర్ర ముక్కు, ఇంకోదానిది నారింజ రంగు ముక్కు. ఎర్ర ఉన్ని మధ్యలనే ఒడిసినట్టుంది. మళ్ల ఒక లచ్ఛి కొననీకి నెలాఖరుల చేతుల పైసలున్నయో లేవో. ఉన్నదాంతోని పూర్తి చేసింది. నాకు ఆ నారింజ ముక్కే ఎక్కువ ఇష్టం. ఆ ఇంటి జీతం, ఆ నెల ఖర్చు, ఆమె పట్టుదల అన్నీ ఆ నాలుగు టాకాలల్ల కనిపిస్తున్నయి.

ఇప్పుడిది ఎందుకు తెచ్చినవ్ అంటవా? గోడకు పెట్టనీకి. పొద్దటిసంది నీకు చెప్పాలనుకుంటున్న ముచ్చట గిదే. మన ఇండ్లల్ల చేతితోని చేసిన చిన్న చిన్న గుడ్డ పనులు ఎన్నో ఉన్నయి. అన్నీ సందూకల అడుగుకు, పెండ్లి చీరెల కింద, డాంబరు గోలీల నడుమ పడి ఉన్నయి. వాటిని బయటికి తియ్యాలె. పాడుగాకుండ గోడకు పెట్టాలె. పక్కన చేసినోళ్ల పేరు రాయాలె. పేరు లేకుండ పెడితే సగం పనే.

మీ ఇంట్లనే చూడు. మీ అత్తమ్మ క్రోషాతోని అల్లిన గుండ్రటి గుడ్డ ఉండేది గదా, టీవీ మీద పరిచేది? ఇప్పుడు టీవీకి పై భాగమే లేకపాయె, ఆ గుడ్డ యాడికి పోయింది? తలగడ గలేబుల మీద గులాబీలు కుట్టి, కింద ‘గుడ్ నైట్’ అని రంగు దారంతోని రాసుకొని అత్తగారింటికి తెచ్చుకున్నోళ్లు ఈ గల్లీల ఎంతమంది లేరు? చేతి రుమాళ్ల మూలలకు కాడ కుట్టుతోని మొదటి అక్షరాలు కుట్టినోళ్లు, తమలపాకు పళ్లెం మీద కప్పనీకి పూసల గుడ్డ అల్లినోళ్లు, కుట్లు అల్లికల లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి ఆ నమూనా గుడ్డల పుస్తకాన్ని ఇప్పటికీ దాచుకున్నోళ్లు ఉన్నరు. మా వెనుకింటి పిన్నిది పుట్టిల్లు బిలోలి దిక్కు. వాళ్లమ్మ కుట్టిన గోధడి ఒకటి ఆమె దగ్గరున్నది. మనం బొంత అంటం, వాళ్లు గోధడి అంటరు, బోధన్ల రెండు మాటలూ నడుస్తయి. పాత నూలు చీరెలు పొరలు పొరలుగ పరిచి, అంచుల నుంచి నడిమిదాక దగ్గర దగ్గరగ కుట్టుకుంట వస్తరు. ఆ గోధడి నడుమ చిరిగిపోయింది గని, ఒక మూలకున్న పువ్వుల చౌకం మాత్రం కొత్తగనే ఉన్నది. ఆ మూల చాలు గోడకు.

ఇవన్నీ గోడకెక్కేటంత గొప్పయేనా అని నీ మొఖం చూస్తే అడిగినట్టే ఉంది. చెప్త విను.

మన బోధన్ ఫ్యాక్టరీ సంగతి అందరికీ ఎరుకే. 1937ల నిజాం సర్కారు పెట్టింది. ఒకప్పుడు ఆసియాలనే అన్నింటికన్న పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకునేటోళ్లు. మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1931ల అయిపోయింది. కాల్వల నీళ్లొచ్చినంక చెరుకొచ్చింది, చెరుకొచ్చినంక చక్కెరొచ్చింది, చక్కెరతోని శక్కర్‌నగర్ల బడులు, దవాఖాన, క్వార్టర్లు వచ్చినయి. 2002ల సర్కారు 51 శాతం వాటా ప్రైవేటోళ్లకిచ్చింది. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతపడ్డది. క్వార్టర్లల్లున్నోళ్లు తలా ఒక దిక్కు పోయిన్రు. ఎన్ని టన్నుల చెరుకు ఆడింది, ఎంతమంది కార్మికులున్నరు, ఎవరికెంత బాకీ పడ్డరు అన్నదానికి దఫ్తర్లల్ల కాగితాలున్నయి. మరి ఆ కాలనీల ముప్పై నలభై ఏండ్లు ఇల్లు నడిపిన ఆడోళ్లు ఏం చేసిన్రు, ఎట్ల బతికిన్రు, వాళ్ల చేతుల ఎంత కళ ఉండె అన్నదానికి ఏ కాగితమున్నది? ఈ పట్టా ఉన్నది. ఈ చిలుకలున్నయి. ఇది చెదలు పట్టిపోతే ఆ మాట చెప్పనీకి ఇంకేం మిగలదు. అందుకే గొప్పవి అంటున్న.

పేరు రాయాలె అని ఎందుకు పట్టుబడుతున్ననంటే, దానికి మన తెలుగు నేల మీదనే పెద్ద సాక్ష్యమున్నది. గోదావరి జిల్లాల నర్సాపురం ఎరుకేనా, లేసు అల్లికల ఊరు? పంతొమ్మిదో శతాబ్దంల క్రైస్తవ మిషనరీలు ఆ పని నేర్పిన్రు. అక్కడి ఆడోళ్లు క్రోషా సూదితోని అల్లిన లేసులు దేశదేశాలకు పోయినయి. జర్మనీ నుంచి మరియా మీస్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త వచ్చి, వాళ్ల మీద పరిశోధన చేసి 1982ల పుస్తకం రాసింది. ఆమె చెప్పిందేమంటే, ఆ ఆడోళ్లు ఇంటి పని చేసుకుంటనే దినాం ఆరేడెనిమిది గంటలు లేసు అల్లేటోళ్లు, గని వాళ్లను పనిచేసేటోళ్లని ఎవరూ లెక్కపెట్టలే. ఇంట్ల కూసున్న ఆడోళ్లు తీరిక యాళ్ల చేసుకునే పని అని చెప్పి చాలా తక్కువ కూలి ఇచ్చేటోళ్లు. వ్యాపారం చేసినోళ్లకు పేరొచ్చింది, ఊరికి పేరొచ్చింది, అల్లిన చేతులకు రాలే. మన నిజామాబాద్‌ల బీడీలు చుట్టే అక్కలకు ఈ మాట చెప్పనక్కర లేకుండనే సమజైతది. చాట ఒళ్లె పెట్టుకొని రోజంత చుట్టి, రాత్రి లైటు కింద బిడ్డ లంగాకు అంచు కుట్టేటామెకు ‘తీరిక’ యాడిది? అందుకే గోడకు పెట్టినప్పుడు కింద పేరుండాలె. ఫలానామె, ఫలానా ఊరు, ఫలానా ఏడు.

ఇగ తండాల సంగతి. వర్ని, సిరికొండ, ధర్పల్లి, ఇందల్వాయి దిక్కు ఎన్ని లంబాడీ తండాలున్నయి! చెరుకు నరికే కాలంల వాళ్లు ఎడ్లబండ్ల మీద వస్తుంటే చిన్నప్పుడు మేం రోడ్డు మీదికి ఉరికేటోళ్లం. ఎండ పడితే ఆడోళ్ల ఫేటియాల, అంటే లంగాల మీది అద్దాలు దూరం నుంచే మెరిసేటియి. వాళ్ల ఫేటియా, కాంచళి రవికె, నెత్తి మీది టుక్రి, మూడింటి మీదా చేతి పనే. అద్దం బిళ్లకు తూట్లుండవు వదినా, మరి గుడ్డ మీద ఎట్ల నిలబడుతది? ముందుగాల బిళ్ల మీదికెల్లి నిలువు దారాలు, అడ్డం దారాలు లాగి చట్రం కడుతరు. తర్వాత ఆ దారాలను పట్టుకొని సుట్టు కాజా కుట్టు కుట్టుకుంట వస్తరు. కుట్టు బిగుసుకున్న కొద్ది దారాలు అంచుకు జరిగి బిళ్లను గట్టిగ పట్టుకుంటయి. ముత్తాతల కాలంల వాళ్లు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట ఊరూరా తిరిగినోళ్లు. గుడ్డలకు గవ్వలు కుట్టేది చూస్తే నాకు ఆ తొవ్వలన్నీ యాదికొస్తయి. సముద్రమే లేని మన దిక్కు గవ్వ ఊరికెనే రాలే గదా.

ఆ కుట్లకు వాళ్ల భాషల పేర్లున్నయి. కర్ణాటకల బళ్లారి దిక్కు సండూరు లంబాణీలు కిలన్, వేలే, బక్క్యా, మాకి, కాన్స్, తేరా డోరా, రేలో, గద్రి, నక్రా లాంటియి అన్నీ కలిపి పద్నాలుగు రకాలు లెక్కపెడుతరు. వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. 2023 జులైల హంపీల జీ20 సాంస్కృతిక బృందం మీటింగ్ అయినప్పుడు ఏం చేసిన్రో చెప్పనా? 450 మందికి పైగ లంబాణీ ఆడోళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కదగ్గర పరిచి చూపెట్టిన్రు. లంబాణీ వస్తువుల ప్రదర్శనలల్ల ప్రపంచంల అన్నింటికన్న పెద్దది అని గిన్నిస్ రికార్డు ఇచ్చిన్రు. కెనడా నుంచి షార్లెట్ క్వాన్ అనే ఆమె, టిమ్ మెక్‌లాగ్లిన్ అనే ఆయన కలిసి బంజారా గుడ్డల మీదనే 2016ల ఒక పెద్ద పుస్తకం తెచ్చిన్రు. యాడనో ఉన్నోళ్లు వచ్చి ఫొటోలు తీసుకొని పుస్తకాలేస్తున్నరు. మన తండాలల్ల మాత్రం పాత కాంచళిల అద్దాలు ఊడదీసి అమ్ముకుంటున్న ఇండ్లున్నయి. అవసరముండి అమ్ముకునేటోళ్లను ఏమనలేం. గని చదువుకొని టౌనుకొచ్చి కొలువులు చేస్తున్న ఆ తండా పిల్లలు, వాళ్ల యాడి, అంటే అమ్మ, కుట్టిన ఒక్క చౌకమన్నా హాల్ల పెట్టుకుంటే ఎంత మంచిగుంటది! వచ్చినోళ్లు ‘ఇదేంది?’ అని అడుగుతరు. వాళ్లు చెప్తరు. గట్ల చెప్పుకుంటనే ఆ పని బతుకుతది.

బొంతలను గూడ తక్కువ అనుకోకు. అమెరికాల అలబామా రాష్ట్రంల గీస్ బెండ్ అని ఒక చిన్న పల్లె. అక్కడి నల్లజాతి ఆడోళ్లు పొలం పనికి తొడిగి చిరిగిన పాంట్లు, అంగీలు ముక్కలు కోసి బొంతలు కుట్టుకునేటోళ్లు, సలికి. తరాల తరబడి గంతే. 2002ల హ్యూస్టన్ మ్యూజియంల వాటిని గోడలకు వేలాడదీసి, ఒక్కొక్కదాని పక్కన కుట్టినామె పేరు రాసి పెట్టిన్రు. తర్వాత న్యూయార్క్‌ల విట్నీ మ్యూజియంల పెట్టిన్రు. 2006ల అమెరికా పోస్టాఫీసు వాటి బొమ్మలతోని స్టాంపులేసింది. పక్క మీదికెల్లి తీసి గోడకు పెట్టిన్రు, పేరు రాసిన్రు, అప్పుడే లోకం నిలబడి చూసింది. గుడ్డ గదే, చూసే తీరు మారింది.

ఇగ ఎట్ల పెట్టాలెనో చెప్త. నేను దీని గురించి చదివిన, హైదరాబాద్‌ల మ్యూజియాలు చూసినప్పుడు అక్కడ గుడ్డలను ఎట్ల పెడుతరో నిలబడి చూసిన. గుడ్డలుండే గదులల్ల లైటు తక్కువ ఎందుకుంటదో తెల్సా? వెలుతురు గుడ్డకు శత్రువు. మ్యూజియాలల్ల గుడ్డల మీద పడే వెలుతురు 50 లక్సులు దాటొద్దని లెక్క పెట్టుకుంటరు. మన ఎండకాలం మిట్టమధ్యాహ్నం బయట లక్ష లక్సుల దాక ఉంటది. ఎండ తగిలి పోయిన రంగు మళ్ల రాదు. ఇవాళ కొంచెం, రేపు కొంచెం కలిసి, కొన్నేండ్లకు దారమే పొడిపొడి అయితది. కాబట్టి పడమటి కిటికీకి ఎదురుగున్న గోడ వద్దు. మీ హాల్ల మెట్ల పక్క గోడ ఉన్నది చూడు, దానికి నేరుగ ఎండ రాదు, అది మంచిది. పొయ్యి ఉన్న గోడ వద్దు, నూనె జిడ్డు పడితే పోదు. దేవుని అర్ర గూడ వద్దు, ఊదుబత్తి పొగ, దీపం మసి పడుతయి. వానకాలంల నెమ్ము పట్టే బయటి గోడ అసలే వద్దు.

మా పట్టాకైతే ఇంకా ఎక్కువ జాగ్రత్త. జనపనారల లిగ్నిన్ అని ఒక పదార్థముంటది. దానికి వెలుతురు తగిలితే పచ్చబడి పెళుసైతది. పాత న్యూస్‌పేపర్ పచ్చగయ్యేది గూడ దానితోనే. అందుకే సందూకల న్యూస్‌పేపర్ పరిచి దాని మీద గుడ్డ పెట్టుడు మంచిది కాదు, ఆ పేపర్ పులుపు గుడ్డకు ఎక్కుతది. కోరా నూలు గుడ్డ గంజి లేకుండ ఉతికి, ఆరబెట్టి, దాంట్ల చుట్టి పెట్టాలె. ప్లాస్టిక్ కవర్లు గూడ వద్దు, నెమ్ము లోపల్నే ఉండిపోతది. యాపాకు పెట్టుకోవచ్చు, గని బాగ ఎండబెట్టి, పల్చటి గుడ్డ మూటల కట్టి, గుడ్డకు తగలకుండ మూలకు పెట్టాలె. లేకుంటే మరకలైతయి. మడతలు పెట్టి దాచిన గుడ్డలకు మడత కాడనే దారం తెగుతది, అందుకని వీలైతే గుండ్రటి అట్ట గొట్టానికి కోరా గుడ్డ చుట్టి, దాని మీద చుట్టాలె.

బయటికి తీసినంక ముందుగాల నీడల గాలికి ఆరబెట్టు. దుమ్ము దులపనీకి కొట్టకు, గుంజకు. మెత్తటి బ్రష్‌తోని దారం పోయిన దిక్కే మెల్లగ తుడువు. ఉతకాలె అనిపిస్తే ఆగు. ముందు వెనుక దిక్కు ఒక మూలకు తడి తెల్ల గుడ్డ ఒత్తి చూడు. రంగు అంటితే ఇగ నీళ్లు తగలనియ్యొద్దు. అద్దాలు, గవ్వలు ఉన్నదాన్ని అసలే ఉతకొద్దు. పాత మరకలుంటే ఉండనీ, అవి గూడ ఆమె ఇంటియే.

పటం కట్టించుడు గురించి. పటాలు కట్టేటాయన దగ్గరికి పోతే ముందే చెప్పాలె, గోందు, ఫెవికాల్ ముట్టియ్యొద్దని. గోందు గుడ్డల ఇంకి, గట్టిపడి, పచ్చబడుతది. తర్వాత దాన్ని తియ్యాలంటే గుడ్డనే చింపుకోవాలె. పటానికి సరిపోలేదని అంచులు కోయనియ్యొద్దు గూడ. పటమే పెద్దది చేయించుకోవాలె. మనమే ఇంట్ల చెయ్యొచ్చు ఒక పని. ఉతికిన కోరా గుడ్డను పటం అట్ట మీద బిగించి, దాని మీద మన చిన్న గుడ్డ పరిచి, నూలు దారంతోని అంచుల సుట్టు వదులు టాకాలేస్తే చాలు. పెద్దదైతే నడుమ గూడ రెండు మూడు చోట్ల వెయ్యి. రేపు ఎవరన్నా తియ్యాలనుకుంటే కత్తెరతోని ఆ టాకాలు కోస్తే గుడ్డ క్షేమంగ చేతికొస్తది. ఏ పని చేసినా మళ్ల వెనక్కి తీసుకునేటట్టు ఉండాలె, గది ముఖ్యం.

అద్దం గుడ్డకు తగలొద్దు. నడుమ అరంగుళమన్నా సందుండాలె. తగిలితే వానకాలం నెమ్ముకు దారం అద్దానికి అంటుకుంటది, బూజు పడుతది. తండా పనికి అద్దం బిళ్లలు ఎత్తుగుంటయి కాబట్టి ఇంకా లోతు పటం కావాలె. పటం వెనుక నాలుగు మూలలకు చిన్న రబ్బరు బిళ్లలు అంటించమను, గోడకు పటానికి మధ్య గాలి ఆడుతది, వెనుక చెదలు పట్టినా తొందరగ కనిపిస్తది.

పటం వద్దు, ఊరికెనే వేలాడదీస్త అంటవా? అదీ మంచిదే. వెనుక పైఅంచుకు కోరా గుడ్డతోని పొడుగు గొట్టంలెక్క కుట్టి, దాంట్ల నున్నటి కర్ర దూర్చి, ఆ కర్రకు తాడు కట్టాలె. గుడ్డకే మొల కొడితే బరువంతా ఆ రెండు తూట్ల మీద పడి చినుగుతది. కర్ర ఉంటే బరువు అంచంతా పంచుకుంటది. పాత కాంచళి ముక్కకు అద్దాల బరువు మస్తుంటది, కర్ర లేకుండ పెట్టనే వద్దు. లేత క్రోషా అల్లికకైతే వెనుక ముదురు రంగు గుడ్డ పెట్టు. మీ అత్తమ్మది తెల్ల దారం గదా, వెనుక మెరూన్ పెడితే ఆ గొలుసులు, జాలీలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. టీవీ మీద పరిచిననాడు ఎవరికీ కనిపించని పని అప్పుడు కనిపిస్తది.

ఎత్తు సంగతి. మన దిక్కు పాత ఇండ్లల్ల ఫొటోలన్నీ కప్పు కిందనే, ముందుకు వంచి పెట్టేటోళ్లు. పెద్ద ఫొటోలకది నడిచింది. చిన్న గుడ్డ అంత మీదికి పోతే టాకాలు కనిపియ్యవు. పటం నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తుకుంటే నిలబడ్డోళ్ల కండ్లకు సరిగ్గ అందుతది. దివాన్ మీదనో, కింద చాప మీదనో కూసొని ముచ్చట పెట్టుకునే చోటైతే ఇంకొంచెం కిందికి పెట్టినా తప్పులేదు. చిన్నయి ఒక్కటొక్కటే యాడంటే ఆడ పెడితే గోడల కలిసిపోతయి. మూడో అయిదో ఒక్కదగ్గర చేర్చి, నడుమ రెండు వేళ్ల సందు ఇడిచి పెట్టాలె. ముందు నేల మీద పేర్చి చూసుకో. తర్వాత అదే కొలతకు కాగితాలు కత్తిరించి గోడకు అంటించి, రెండు దినాలు అటూ ఇటూ పోతున్నప్పుడు చూడు. మంచిగనిపించినంకనే మొల కొట్టు.

ఇంకో మాట. పెట్టినయి ఏడాదంత అట్లనే ఉంచొద్దు. నాలుగు నెలలకొకసారి దించి, లోపల చీకట్ల పండబెట్టి, వేరేయి పెట్టు. గుడ్డకు విశ్రాంతి దొరుకుతది, ఇంటికి కొత్త కళొస్తది. దినాం చూసేదాన్ని కొన్నాళ్లకు కండ్లు పట్టించుకోవు. దించి మళ్ల పెడితే మళ్ల చూస్తరు, మళ్ల అడుగుతరు.

పేరు ఎట్ల రాయాలె అంటే, బాల్‌పెన్నుతోని గుడ్డ మీద రాయొద్దు, సిరా పాకుతది. తెల్ల నూలు నాడా ముక్క మీద దారంతోనే పేరు, ఊరు, ఏడు కుట్టి, ఆ నాడాను వెనుక దిక్కు రెండు టాకాలతోని తగిలియ్యాలె. ముందట పటం కింద చిన్న చీటీ పెట్టాలె, మంచి అక్షరాలతోని. ఏడు ఎరుక లేకుంటే పెండ్లికి ముందో, పెద్ద బిడ్డ కడుపులున్నప్పుడో, ఫలానా క్వార్టర్ల ఉన్నప్పుడో అని రాయాలె. అది గూడ చరిత్రే. ఆమె బతికుంటే ఆమెనే అడిగి రాసుకో. ఏ దారం, యాడ కొన్నది, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఆ నమూనా యాడికెల్లొచ్చింది అన్నీ అడుగు. మా అమ్మను అడిగితే, ఆ చిలుకల నమూనా పక్క క్వార్టర్ల ఉన్న ఒక మరాఠీ ఆమె లెక్క కాగితం మీద గళ్లు నింపి ఇచ్చిందని చెప్పింది. ఆమె పేరు గూడ రాస్త నేను. నేర్పినామె పేరు లేకుంటే ఆ చీటీ పూర్తిగాదు.

ఇవన్నీ మనిద్దరం చేసుకుంటే ఇంటికే పరిమితమైతది వదినా. నాకు ఇంకో ఆశ ఉన్నది. బతుకమ్మ తొమ్మిది దినాలు గల్లీ ఆడోళ్లందరం ఎట్లాగూ ఒక్కదగ్గర చేరుతం. ఆ దినాలల్ల ఒక పొద్దు మీ వరండాల, మా వరండాల రెండు తాళ్లు కట్టి, గల్లీల ఇంటికొక గుడ్డ తెచ్చి పెడుదాం. తాడుకు నేరుగ క్లిప్పులు పెట్టొద్దు, కోరా గుడ్డ మీద టాకాలేసి, ఆ కోరా గుడ్డకు క్లిప్పులు పెడుదాం. వరండాల నీడనే ఉంటది, సాయంత్రం నాలుగు గంటల సంది ఏడు దాకా పెట్టి తీసేద్దాం. మూలింట్ల కిరాయికున్న తండా బిడ్డను గూడ పిలుద్దాం, వాళ్ల యాడిని తోలుకరమ్మందాం. పూలు తెచ్చేటామెను, బీడీల కార్ఖానకు పోయే అక్కలను పిలుద్దాం. తన గుడ్డ దగ్గర తనే నిలబడి, ఇది నేను చేసిన అని చెప్పాలె. చాలామంది ఆ మాట జన్మల ఒక్కసారి గూడ అనలేదు.

పిల్లలకు గూడ పని చెప్దాం. ఫోన్లతోని ఫొటోలు తియ్యమందాం, చీటీలు రాయమందాం. ఫ్లాష్ లేకుండ తియ్యాలె, గుడ్డ ముందటి దిక్కు ఒకటి, వెనుక దిక్కు ఒకటి. వెనుక దిక్కు ఎందుకంటే, ముడులు యాడ పడ్డయి, దారం యాడ మారింది, ఆ కుట్టు ఎట్ల నడిచింది అన్నీ ఆడనే ఉంటయి. నేర్చుకునేటోళ్లకు ముందు దిక్కు కన్న వెనుక దిక్కే పెద్ద గురువు. ఆ ఫొటోలు, పేర్లు ఒక పుస్తకంల అంటిస్తే మన గల్లీ లెక్క తయారైతది. నిజామాబాద్ తిలక్ గార్డెన్‌ల మ్యూజియం ఉన్నది గదా, 2001ల తెరిచింది, పాతరాతి పనిముట్ల నుంచి బిద్రీ సామాన్ల దాకా అందులున్నయి. ఏదో ఒకనాడు ఆ పుస్తకం పట్టుకొని అక్కడికి పోవాలె. మన జిల్లా ఆడోళ్ల చేతి గుడ్డలకు గూడ అక్కడ జాగ కావాలని అడగాలె. నేనైతే అడుగుత. నువ్వు పక్కనుంటే ఇంకా గట్టిగ అడుగుత.

సరే, నీ పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నట్టుంది, ఎక్కువసేపు నిలబెట్ట. నువ్వు ఇయ్యాల చెయ్యాల్సింది ఒక్కటే. బువ్వ తిన్నంక సందూక తెరువు. అత్తమ్మను మంచం మీదికెల్లి లేపి పక్కన కూసోబెట్టుకో. ఆ క్రోషా గుడ్డ దొరికితే దాని సంగతంతా అడిగి రాసుకో. దారం నంబరు ఆమెకు ఇంకా యాదుంటది, చూడు. నా దగ్గర నాడా ఉన్నది, కోరా గుడ్డ రెండు మీటర్లు ఎక్కువనే తెచ్చిన పెద్ద బజార్లకెల్లి. సాయంత్రం ఈ గోడ మీదికెల్లే అందిస్త. అత్తమ్మ పేరు మాత్రం నీ చేతితోనే కుట్టు, వదినా.